విడీ ఘర్కుల్‌లో చుట్టంగా ఉండి, జొన్నరొట్టె తినాలంటే: చేయవలసినవి - చేయకూడనివి

మన పిల్లలు ఇప్పుడు కొరియా వెళ్తున్నారు. హానోక్ అనే పాతకాలపు ఇంట్లో దిగి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వెచ్చటి నేల మీద పరుపు పరుచుకుని పడుకుని, ఆ ఇంటి తిండి ఆ ఇంటి పద్ధతిలో తిని వస్తున్నారు. మంచి ముచ్చటే. అలా ఒక ఇంట్లో నేల మీద పడుకుని, ఆ ఇంటి చేతివంట తినే అవకాశం మనకు బస్సు దూరంలోనూ ఉంది. హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 300 కిలోమీటర్లు పోతే షోలాపూర్ వస్తుంది. 1877లోనే నూలు మిల్లు నడిచిన ఊరు. తెలంగాణ పల్లెల నుంచి బతుకు వెతుక్కుంటూ వెళ్ళిన పద్మశాలీలు తరాలుగా అక్కడ మగ్గం మీద, ఆ తర్వాత సాంచాల (మరమగ్గాల) మీద చద్దర్లు, టవళ్ళు నేస్తున్నారు. మగవాళ్ళు కార్ఖానాకు పోతే ఆడవాళ్ళు ఇంట్లో బీడీలు చుడతారు.

ఆ బీడీ కార్మిక మహిళల కోసం కట్టినవే విడీ ఘర్కుల్ ఇళ్ళు. షోలాపూర్ పక్కన కుంభారిలో గోదావరి పరుళేకర్ పేరుతో సహకార సంఘం పెట్టుకుని, ఏళ్ళ తరబడి పోరాడి వాళ్ళు సాధించుకున్న ఇళ్ళు 10,000. 2006 సెప్టెంబర్‌లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని అందజేశారు. అదే కుంభారిలో అసంఘటిత కార్మికుల కోసం రేనగర్ పేరుతో మరో పెద్ద కాలనీ లేచింది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు.

ఈ ఇళ్ళకు పెళ్ళికో, పండక్కో, చుట్టరికానికో మనవాళ్ళు వెళ్తూనే ఉంటారు. నేత పని చూడాలని, తెలుగు వలస చరిత్ర రాసుకోవాలని వెళ్ళే విద్యార్థులూ ఉన్నారు. అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఇక్కడ ఇల్లే కార్ఖానా. వంట చేసే చోటికి రెండు అడుగుల దూరంలో పొగాకు ఉంటుంది. పడుకునే గదిలోనే తునికాకు కట్టలుంటాయి. కొన్ని ఇళ్ళకు ఆనుకునే సాంచాల షెడ్డు ఉంటుంది. ఇంటివాళ్ళకు అది పుట్టినప్పటి నుంచి అలవాటైన చోటు, మనకు కాదు. పైగా వాళ్ళు ప్రేమకొద్దీ దేనికీ వద్దనరు. "కూసో బిడ్డా, ఏం కాదు" అంటారు. అందుకని జాగ్రత్త పడవలసిన బాధ్యత వచ్చినవాళ్ళదే.

బయల్దేరే ముందు

చేయవలసినవి

- ఎంతమంది వస్తున్నారో, ఎన్ని రోజులు ఉంటారో ముందే ఫోన్ చేసి చెప్పండి. చిన్న ఇళ్ళు. నలుగురు పట్టే చోట ఎనిమిది మంది పడుకుంటే గాలి ఆడదు, రాత్రి లేచి బయటికి రావడానికి దారి ఉండదు. ఎక్కువ మంది ఉంటే కొందరు ఊళ్ళో లాడ్జిలో దిగడమే మేలు.
- ఆస్తమా, గుండెజబ్బు, వేరుశనగ పడకపోవడం లాంటివి ఉంటే ఇంటివాళ్ళకు ముందే చెప్పండి. వెళ్ళాక పళ్ళెం ముందు కూర్చుని చెప్తే వాళ్ళు నొచ్చుకుంటారు, మీరూ మొహమాటపడి తినేస్తారు.
- వాడే మందులు రెండు రోజులకు సరిపడా ఎక్కువే తీసుకెళ్ళండి. ఇన్‌హేలర్ ఉన్నవాళ్ళు దాన్ని సంచి అడుగున కాకుండా జేబులో పెట్టుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల మందు, చిన్న టార్చి తప్పనిసరి.
- చుట్టంగా వెళ్ళినా, చూడడానికి వెళ్ళినా ఖర్చులో మీ వంతు పంచుకోండి. బీడీలు చుట్టే ఇంట్లో ఆ రోజు చుట్టినదే ఆ రోజు కూలి. మీ కోసం వంటకు కూర్చుంటే వాళ్ళకు ఆ మేరకు కూలి తగ్గుతుంది.
- విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు వస్తే, ఆ వివరాలను ఇంట్లో బస ఇచ్చినవారు 24 గంటల్లోగా ప్రభుత్వానికి తెలియజేయాలి. అమెరికా నుంచి వచ్చిన మనవడి స్నేహితుడైనా సరే. ఆ పని దగ్గరుండి మీరే చేయించండి.

చేయకూడనివి

- ఏప్రిల్, మే నెలల్లో పసిపిల్లలతో, వృద్ధులతో వెళ్ళకండి. అప్పుడు షోలాపూర్‌లో ఎండ ఒక్కోసారి 43 డిగ్రీలు దాటుతుంది.
- నెలలు నిండుతున్న గర్భిణిని బీడీ పని జరిగే ఇంట్లో బసకు తీసుకెళ్ళకండి.

బీడీలు చుట్టే గదిలో

మధ్యాహ్నం పూట ఒక ఇంట్లోకి అడుగుపెట్టి చూడండి. గోడకు ఆనుకుని ఒకామె కూర్చుని ఉంటుంది. ఒళ్ళో చేట, చేటలో ఒక పక్క పొగాకు, ఇంకో పక్క రాత్రంతా తడిపి ఉంచి మెత్తబడ్డ తునికాకు. రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో ఆకు కోస్తుంది. చిటికెడు పొగాకు పోసి, రెండు వేళ్ళతో చుట్టి, మూతి మడిచి, దారం బిగిస్తుంది. కళ్ళు మీ మీదే ఉంటాయి, మాట మీతోనే ఉంటుంది, చేతులు మాత్రం ఆగవు. ఇరవై అయిదింటికి ఒక కట్ట. సాయంత్రానికి లెక్క పూర్తి చేసి కార్ఖానాలో అప్పజెప్పాలి.

చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ చేటలోంచి లేచే సన్నటి దుమ్ము గొంతులోకి పోతుంది, పొగాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. కొత్తవాళ్ళు గంటసేపు పొగాకు పట్టుకుంటే తల తిరగవచ్చు, వికారం పుట్టవచ్చు.

చేయవలసినవి

- తలుపు దగ్గరో కిటికీ దగ్గరో, గాలి తగిలే చోట కూర్చోండి. దగ్గు మొదలైతే ఎవరూ ఏమనుకోరు, లేచి బయట అరుగు మీదికి వెళ్ళండి.
- పొగాకు గానీ, తునికాకు గానీ ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి ముట్టుకోండి, పసిపిల్లలను ఎత్తుకోండి.
- పాకే పిల్లలు మీతో ఉంటే వాళ్ళ కోసం పొగాకు లేని గది అడగండి. నేల మీద రాలిన పొగాకు చిటికెడైనా పసివాడి నోట్లోకి పోతే ప్రమాదమే. వాంతి, చొంగ కారడం, చెమటలు, మగత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.
- పక్క వేసుకునే ముందు ఆ చోటు తడిబట్టతో తుడవండి, లేదా తుడవమని అడగండి. చీపురుతో ఊడిస్తే దుమ్మంతా గాలిలోకి లేస్తుంది.

చేయకూడనివి

- పొగాకు మింగిన పిల్లవాడికి వేలు పెట్టి వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు తాగించకండి.
- "ఒక్కటి నేను చుడతా" అని పిల్లల చేత చుట్టించి ఫోటో తీయకండి. పొగాకు పిల్లల ఆటవస్తువు కాదు. ఆ ఇంటి పిల్లలను చేట ముందు కూర్చోబెట్టి ఫోటోలు తీయడం ఇంకా తప్పు.
- బీడీలు చుడుతున్న ఆమెను అడగకుండా ఫోటో తీయకండి. ఆమె అప్పుడు కూలి పనిలో ఉంది. అడగండి, ఒప్పుకుంటేనే తీయండి.
- చేట పక్కన అన్నం పళ్ళెం పెట్టుకోకండి. తడిపిన ఆకు మీద మీ బట్టలు ఆరేయకండి. రెండూ చెడతాయి.
- మర్యాదకని ఎవరైనా మావా అందిస్తే తీసుకోకండి. వక్క, సున్నం, పొగాకు కలిపి నలిపిన ఆ ముద్ద నోటి క్యాన్సర్‌కు దారి. "అలవాటు లేదన్నా" అంటే చాలు.

సాంచాల షెడ్డుకు వెళ్ళినప్పుడు

చద్దరు నేయడం చూడకుండా షోలాపూర్ నుంచి రాబుద్ధి కాదు. మందపాటి నూలు, రెండు పక్కలా రెండు రంగుల పువ్వులు, జకార్డు అట్టల లెక్కన దిగే నమూనా. షోలాపూర్ చద్దరుకు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే నడుస్తున్న సాంచా చాలా ప్రమాదకరమైనది. నాడె (షటిల్) ఒక కొస నుంచి ఇంకో కొసకు నిమిషానికి వందసార్లకు పైగా పరిగెత్తుతుంది. దాని మొనలకు ఇనుప ములుకులుంటాయి. ఒక్కోసారి అది దారి తప్పి బయటికి ఎగురుతుంది. కన్ను పోవడానికి ఆ ఒక్క దెబ్బ చాలు.

చేయవలసినవి

- కార్ఖానా ఆసామిని అడిగి, ఆయనతోనో, పని తెలిసిన కార్మికుడితోనో కలిసే లోపలికి వెళ్ళండి. ఆయన ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి.
- జుట్టు ముడి వేసుకోండి. చున్నీ, పైట కొంగు నడుముకు బిగించండి. వదులు చొక్కా చేతులు మడవండి. బెల్టులో గుడ్డ పీలిక చిక్కితే మనిషినే లాగేస్తుంది.
- చెవులకు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. సాంచాల షెడ్డులో చప్పుడు చెవికి హాని చేసే స్థాయికి పైనే ఉంటుంది. అయిదు, పది నిమిషాల్లో చూసి బయటికి రండి.
- ముక్కుకు మాస్కు కట్టుకోండి. గాలిలో తేలే దూది నూగు ఆస్తమా ఉన్నవాళ్ళకు పడదు.

చేయకూడనివి

- సాంచాకు ఇరుపక్కలా, నాడె పరుగుకు ఎదురుగా నిలబడకండి.
- నడుస్తున్న సాంచా మీద నేత ఎంత మెత్తగా ఉందోనని చేయి వేయకండి. ఆపాక తాకండి.
- రెండు సాంచాల మధ్య ఇరుకు దారిలో సెల్ఫీ తీసుకోకండి. నూనె పడిన నేల జారుతుంది.
- పిల్లలను లోపలికి తీసుకెళ్ళకండి. వాళ్ళకు కండెలు, దారాలు, నేసిన చద్దరు బయట చూపించండి.
- షెడ్డులో నిప్పు వెలిగించకండి. దూది నూగుకు ఒక నిప్పురవ్వ చాలు.

పళ్ళెం ముందు కూర్చున్నాక

ఈ ఇళ్ళ తిండి రెండు రాష్ట్రాల కలయిక. సంక్రాంతికి సకినాలు, వాన పడినప్పుడు సర్వపిండి మనవి. జొన్నరొట్టె మీద శేంగా చట్నీ, పండగకు శేంగా పోళీ ఆ నేలవి. జొన్న విషయంలో ఆ జిల్లా భాగ్యం పెద్దది. అక్కడి మంగళ్‌వేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అత్తమ్మ వేడినీళ్ళతో పిండి కలిపి, అరచేతి మడమతో నొక్కి పిసికి, పీట మీద పొడిపిండి చల్లి రెండు అరచేతులా చరుస్తుంటే, ముద్ద తిరుగుతూ తిరుగుతూ పళ్ళెమంత అవుతుంది. పెనం మీద వేసి పైన నీళ్ళు పూసి తిప్పుతుంది. తీసి నిప్పు పక్కన నిలబెడితే పొంగుతుంది. అలాంటి రొట్టెనే పల్చగా చేసి బాగా ఆరనిస్తే కడక్ రొట్టె అవుతుంది. అప్పడంలా విరుగుతుంది, వారాల తరబడి నిలవుంటుంది. ఇక శేంగా చట్నీ అంటే వేయించిన పల్లీలు, ఎండుకారం, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు కలిపి నూనె ఊరేదాకా రోట్లో దంచినది. ఒకసారి రుచి పడితే దాన్ని మరిచిపోవడం కష్టం.

చేయవలసినవి

- వేరుశనగ పడనివాళ్ళు వంట మొదలుపెట్టక ముందే చెప్పాలి. ఇక్కడ పల్లీ చట్నీలోనే కాదు, కూర గ్రేవీలో ఉంటుంది, వంకాయ కూరలో కూరతారు, పోళీలో పూర్ణంగా పెడతారు. పెదవులు వాయడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అరగంట ఆగి చూద్దామనుకోకండి. వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.
- రొట్టె పెనం మీద నుంచి దిగీ దిగగానే తినండి. కూరలు వేడివేడిగా ఉన్నప్పుడే వేసుకోండి.
- కడక్ రొట్టెను కట్టుడు పళ్ళున్నవాళ్ళు, చిన్నపిల్లలు పప్పులోనో, పులుసులోనో నానబెట్టుకుని తినాలి. కొరికితే పన్ను విరగవచ్చు, అంచు చిగుళ్ళను కోస్తుంది.
- కారం అలవాటు లేకపోతే మొదటి పూట పెరుగు, మజ్జిగ అడగండి. షోలాపూర్ కాలా మసాలా వేసిన మటన్ కూర మొదటిరోజే పొట్ట నిండా తింటే రాత్రి నిద్ర ఉండదు.
- శేంగా చట్నీ ఇంటికి తెచ్చుకుంటే పొడి సీసాలో పెట్టి, పొడి చెంచాతోనే తీయండి. ముక్క వాసన గానీ, చేదు గానీ తగిలితే పారేయండి. బూజు పట్టిన పల్లీల్లో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయానికి విషం. వేయించినా, దంచినా అది పూర్తిగా పోదు.
- చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు జొన్నరొట్టె మంచిదని లెక్క లేకుండా తినకండి. అదీ పిండిపదార్థమే. రెండు రొట్టెలు, ఎక్కువ కూర అన్న లెక్క ఇక్కడా పాటించండి. బీపీ ఉన్నవాళ్ళు చట్నీలో ఉప్పు ఎంత ఉందో చూసుకోండి.
- చలికాలంలో పొలానికి హుర్డా పార్టీకి పిలిస్తే తప్పక వెళ్ళండి. లేత జొన్నకంకులు పిడకల నిప్పులో కాల్చి, అరచేతుల్లో నలిపి పెడతారు. కంకులు చల్లారాకే చేతిలోకి తీసుకోండి. పిల్లలను నిప్పు గుంటకు దూరంగా కూర్చోబెట్టండి.

చేయకూడనివి

- అయిదేళ్ళలోపు పిల్లలకు పల్లీ గింజలు గింజలుగా పెట్టకండి. ఊపిరితిత్తుల దారిలో అడ్డుపడతాయి. మెత్తగా దంచిన చట్నీ అయితే కొంచెం పెట్టవచ్చు.
- రెండు గంటలకు పైగా బయట ఉన్న మటన్, చికెన్, పెరుగన్నం తినకండి. ఎండాకాలంలో గంటే ఎక్కువ. పెళ్ళింట్లో పొద్దున వండింది సాయంత్రం వడ్డిస్తే మర్యాదగా వద్దనండి.
- ఉపవాసం రోజున ఇంట్లో భగర్ అనే చిరుధాన్యంతో అన్నం వండితే, విడిగా తూచి అమ్మిన పాత సరుకుతో చేసినది తినకండి. మహాశివరాత్రి, నవరాత్రి ఉపవాసాల్లో భగర్ తిని జనం ఆస్పత్రుల పాలైన సంఘటనలు మహారాష్ట్రలో పదే పదే జరిగాయి. తేదీ ఉన్న సీలు ప్యాకెట్ కొని, ఏరి, కడిగి, వెంటనే వండినది తినాలి.
- ఎక్కడినుంచో తెచ్చిన కల్లు తాగకండి. కల్తీ కల్లులో కలిపే మత్తుమందులు ప్రాణం తీస్తాయి. 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో అలాంటి కల్లు తాగి పలువురు చనిపోయారు.
- "ఇంకొక్కటి" అంటూ వడ్డించే చేతికి మొహమాటపడి, పొట్ట మొర పెడుతున్నా తినకండి. "సాలు అత్తమ్మా, రాత్రికి తింటా" అంటే ఆమెకు కోపం రాదు.

నీళ్ళు, దోమలు, ఎండ

షోలాపూర్‌కు నీళ్ళు భీమా నది మీది ఉజనీ డ్యాం నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో రావాలి. నల్లా రోజూ రాదు. నీళ్ళు వచ్చిన రోజు డ్రమ్ములు, బిందెలు, హౌజులు నింపి రోజుల తరబడి వాడుకుంటారు. అందుకే ఇక్కడ నీళ్ళ విషయంలో రెండు జాగ్రత్తలు ఒక్కసారే కావాలి. నీరు వృథా చేయకూడదు, నిల్వనీరు ఊరికే తాగకూడదు.

చేయవలసినవి

- తాగే నీళ్ళు తెర్లేదాకా కాచి చల్లార్చినవే తాగండి. "అక్కా, ఇవి కాచినవేనా?" అని అడగడంలో తప్పులేదు. ఇంటివాళ్ళకు గ్యాస్ ఖర్చు అనిపిస్తే వాటర్ క్యాను మీరే తెప్పించండి.
- బిందెలో చేయి ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటెతో నీళ్ళు తీసుకోండి.
- డ్రమ్ముల మీద మూత ఉందో లేదో చూడండి, లేకపోతే గుడ్డ కట్టండి. డెంగీ దోమ శుభ్రమైన నిల్వనీటిలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూటే కుడుతుంది. వానాకాలంలో నిండు చేతుల చొక్కా, పగలు కూడా దోమల మందు తప్పవు.
- ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఇంట్లోనే ఉండండి. దాహం వేయకపోయినా నీళ్ళు, మజ్జిగ తాగుతూ ఉండండి. చెమట ఆగిపోయి, ఒళ్ళు కాలి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

చేయకూడనివి

- రెండు బకెట్ల స్నానం చేయకండి. ఆ ఇంటికి మళ్ళీ నల్లా ఎప్పుడొస్తుందో కనుక్కుని, దాన్నిబట్టి వాడండి.
- స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.
- జ్వరం వస్తే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోకండి. డెంగీ అయితే రక్తస్రావం జరగవచ్చు. పారాసెటమాల్ వేసుకుని డాక్టరును కలవండి.

పొయ్యి, వేడినీళ్ళు, కరెంటు, నిప్పు

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడుకోవలసిన సంగతి ఇదే. 2018 డిసెంబర్‌లో దక్షిణ కొరియాలోని గాంగ్నుంగ్ పట్టణంలో, పరీక్షలు అయిపోయాయని సరదాగా ఒక అతిథి గృహంలో దిగిన పది మంది విద్యార్థులు మర్నాడు స్పృహ తప్పి పడి ఉన్నారు. వాళ్ళలో ముగ్గురు చనిపోయారు. వేడినీళ్ళ బాయిలర్ పొగగొట్టం ఊడిపోయి కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వచ్చింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన చిన్న బాత్రూముల్లో బిగించిన గ్యాస్ గీజర్ నుంచీ, తలుపులు మూసి పెట్టిన బొగ్గుల కుంపటి నుంచీ అదే వాయువు వస్తుంది.

ఇంకొకటి షోలాపూర్‌లోనే జరిగింది. 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామికవాడలో ఒక టవళ్ళ కార్ఖానాకు నిప్పంటుకుంది. ఎనిమిది మంది చనిపోయారు. యజమాని కుటుంబం ఆ కార్ఖానాలోనే కాపురం ఉంటోంది. పనిచేసే చోటే పడుకుంటే నిప్పు ఎంత దగ్గరో ఆ తెల్లవారుజాము చెప్పింది.

చేయవలసినవి

- పడుకునే ముందు బయటికి వెళ్ళే దారి చూసుకోండి. గడియ ఎటు తీయాలి, తాళం ఎక్కడ ఉంటుంది, ఇంకో తలుపు ఉందా అని అడిగి తెలుసుకోండి. ఆ దారిలో నూలు మూటలు, చద్దర్ల కట్టలు ఉంటే ఇంటివాళ్ళతో కలిసి పక్కకు జరపండి.
- గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూములో కిటికీ తెరిచి, ముందుగా బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, ఆ తర్వాతే స్నానం చేయండి. కట్టెలతో నీళ్ళు కాచే బంబు ఆరుబయట ఉంటేనే వాడండి.
- ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం వస్తే తిండి మీద నెపం పెట్టేసి ఊరుకోకండి. తలుపులు తెరిచి అందరూ బయటికి రావాలి.
- గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చాకే 1906కి ఫోన్ చేయండి.
- మంట లేస్తే వంగి, నేలకు దగ్గరగా, ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టుకుని బయటికి రండి. ఒంటి మీద బట్టకు అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి.

చేయకూడనివి

- చలి అని కుంపటి గదిలోకి తెచ్చి, తలుపులు మూసి పడుకోకండి.
- గ్యాస్ వాసన వస్తున్నప్పుడు స్విచ్ వేయకండి, ఆపకండి. ఫోన్ కూడా లోపల వాడకండి.
- నీళ్ళు కాగబెట్టే రాడ్ బకెట్లో ఉండగా నీళ్ళు ముట్టుకోకండి. ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీయండి.
- ఒకే బోర్డుకు ఫోన్లు, కూలరు, ఇస్త్రీపెట్టె అన్నీ తగిలించకండి. అతుకులు వేసిన వైరును తడిచేత్తో తాకకండి.
- ఇంట్లో గానీ, నూలు ఉన్న గదిలో గానీ బీడీ, సిగరెట్, అగరుబత్తి వెలిగించి వదిలేయకండి. దీపం పెట్టినా పక్కన మనిషి ఉండాలి.

పడక, పురుగూపుట్రా

చేయవలసినవి

- పక్క, దుప్పటి దులిపి పరవండి. పొద్దున బూట్లు తలకిందులు చేసి తట్టి వేసుకోండి. కాలనీ చివర్లలో రాళ్ళు, కట్టెలు ఉన్న చోట తేళ్ళుంటాయి.
- తేలు కుడితే, ముఖ్యంగా పిల్లలకు వాంతి, చెమట, చేతులు చల్లబడడం కనిపిస్తే, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఎర్రతేలు విషం గుండెను దెబ్బతీస్తుంది. దానికి ప్రాజోసిన్ మాత్రతో ప్రాణాలు నిలపవచ్చని తేల్చినవారు మహారాష్ట్రలోని మహాడ్ డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్. మందు ఉంది, చేరడమే ఆలస్యం కాకూడదు.
- రాత్రి బయటికి వెళ్ళాలంటే టార్చి, చెప్పులు తప్పనిసరి.

చేయకూడనివి

- పిట్టగోడ లేని డాబా మీద పిల్లలతో పడుకోకండి. నిద్రమత్తులో దిగే మెట్లు మరీ ప్రమాదం.
- ఏడాది లోపు పసికందుకు మందపాటి షోలాపూర్ చద్దరు కప్పకండి. బరువుకు, వేడికి ఊపిరాడదు. పల్చటి నూలు గుడ్డ చాలు.
- పాము, తేలు కాటుకు తాడు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం చేయకండి.

పండగ జనంలో

శ్రావణ పౌర్ణమి నాడు పద్మశాలీలు మార్కండేయ మహర్షి రథోత్సవం జరుపుతారు. జనవరిలో సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాతర. రెండూ చూడవలసినవే.

చేయవలసినవి: పిల్లల జేబులో ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాసిపెట్టండి. తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. రద్దీ ఒత్తిడి పెరుగుతోందనిపిస్తే పక్క గల్లీలోకి తప్పుకోండి.

చేయకూడనివి: రథం చక్రాల దగ్గరికి, ఎత్తైన నందిధ్వజాలు మోసే వరుస కిందికి, బాణసంచా కాల్చే చోటికి వెళ్ళకండి.

ఆపద వస్తే

అంబులెన్స్ 108. పోలీసు, అగ్నిమాపక సహాయానికి 112. ఫైర్ స్టేషన్ 101. షోలాపూర్‌లో పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్ వైశంపాయన్ స్మారక వైద్య కళాశాలకు అనుబంధంగా ఉంది. ఏ ఆటో డ్రైవర్‌కైనా తెలుసు. ఉంటున్న ఇంటి గ్రూపు, నంబరు, దగ్గరి గుర్తు మరాఠీలో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. వేల ఇళ్ళు ఒకేలా ఉండే కాలనీలో, రాత్రి పూట అంబులెన్స్ డ్రైవర్‌కు "పద్మశాలీల ఇల్లు" అని చెప్తే దొరకదు.

ఇన్ని జాగ్రత్తలు చదివాక వెళ్ళడమే మానేద్దామని అనుకోకండి. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. పొగాకు దుమ్ము, సాంచాల చప్పుడు, నిల్వనీళ్ళు, నిప్పు భయం మీకు రెండు రోజులే. ఆ ఇంటివాళ్ళకు జీవితకాలం. అక్కడ ఉన్నన్నాళ్ళూ మీరు కిటికీ తెరిస్తే వాళ్ళకూ గాలి వస్తుంది, డ్రమ్ముకు మూత వేస్తే వాళ్ళ పిల్లలకూ జ్వరం తప్పుతుంది, తలుపుకు అడ్డున్న మూట జరిపితే వాళ్ళకూ దారి దొరుకుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు ఆ ఇంటికి ఒక మంచి మాస్కుల ప్యాకెట్, డ్రమ్ములకు మూతలు, వీలైతే ఒక చిన్న అగ్నిమాపక సిలిండర్ ఇచ్చి రండి. మిఠాయి పెట్టె కంటే అవే వాళ్ళకు ఎక్కువ అవసరం.